ఎక్కిళ్లు ఆగకపోతే ఏం చేయాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

అన్నం తింటుండగా వచ్చి నాలుగు గుక్కల నీళ్లతో పోయే ఎక్కిళ్ల కోసం ఎవరూ ఆసుపత్రికి వెళ్లరు. వెళ్లనక్కర్లేదు కూడా. కానీ రెండు రోజులైనా ఆగని ఎక్కిళ్లను కూడా చాలా ఇళ్లలో అదే లెక్కన చూస్తున్నారు. పంచదార పెట్టి, నీళ్లు తాగించి, భయపెట్టి, చివరికి మందుల షాపులో ఏదో మాత్ర కొని వారం గడిపేస్తారు. ఆ వారంలో లోపలి జబ్బు ముదిరిపోవచ్చు. అందుకే ఇక్కడ చిట్కాలతో పాటు వాటిని ఎప్పుడు మానేయాలో కూడా వివరించాను.

అసలు ఎక్కిళ్లు ఎలా వస్తాయి?

ఛాతీకీ పొట్టకీ మధ్య గొడుగులా పరుచుకున్న కండరం పేరు డయాఫ్రమ్. మామూలుగా అది నింపాదిగా కిందికి దిగితే ఊపిరితిత్తుల్లోకి గాలి వస్తుంది, పైకి లేస్తే బయటికి పోతుంది. ఎక్కిలి వచ్చినప్పుడు మాత్రం మన ప్రమేయం లేకుండా ఒక్కసారిగా బిగుసుకుంటుంది. గాలి గొంతులోకి దూసుకొస్తుంది. వెంటనే, దాదాపు 35 మిల్లీసెకన్లలో, స్వరతంతువుల మధ్య ఉన్న దారి టక్కున మూసుకుపోతుంది. మనకు వినిపించే ‘హిక్’ ఆ మూత పడిన చప్పుడే. ఇలా నిమిషానికి 4 నుంచి 60 దాకా రావచ్చు.

దీని వెనుక నాడుల దారి ఒకటి ఉంది. వేగస్ నాడి, ఫ్రెనిక్ నాడి, వెన్నెముక పక్కన ఉండే సింపథెటిక్ నాడులు కింది నుంచి కబురు పైకి చేరవేస్తాయి. మెదడు కాండం, మెడ దగ్గరి వెన్నుపాము ఆ కబురు అందుకుంటాయి. తిరుగు ఆజ్ఞ ఎక్కువగా ఫ్రెనిక్ నాడి గుండా డయాఫ్రమ్‌కు వస్తుంది. వేగస్ నాడి మెదడు అడుగున బయలుదేరి, చెవికి ఒక కొమ్మనిచ్చి, గొంతు, గుండె, ఊపిరితిత్తులు, అన్నవాహిక, జీర్ణాశయం మీదుగా పొట్టలోకి దిగుతుంది. ఇంత పొడవైన దారిలో ఎక్కడ ఒరిపిడి కలిగినా బయటికి కనిపించేది ఎక్కిళ్లే. చెవిలో వెంట్రుక దగ్గర నుంచి మెదడులో గడ్డ దాకా ఇన్ని కారణాలు ఉండటం అందువల్లే.

భోజనం చేసేటప్పుడే ఎందుకు ఎక్కువగా వస్తాయి?

గబగబా తింటే అన్నంతో పాటు గాలి కూడా మింగుతాం. జీర్ణాశయం ఉబ్బి పైనున్న డయాఫ్రమ్‌ను నెడుతుంది. సోడా, కూల్‌డ్రింకులు, బీరు చేసే పని కూడా అదే. వేడివేడి అన్నంలో కొత్త ఆవకాయ కలిపి తొలి ముద్ద నోట్లో పెట్టుకోగానే కొందరికి ఎక్కిళ్లు మొదలవుతాయి. మిరపకు కారాన్నిచ్చే క్యాప్సైసిన్ అన్నవాహికలోని నాడులను రేపడం దానికి కారణం. పొడిపొడిగా ఉన్న అటుకులు, సున్నుండలు నీళ్లు లేకుండా తిన్నా, వేడి కాఫీ వెంట చల్లని నీళ్లు తాగినా, పగలబడి నవ్వినా రావచ్చు. మద్యం, సిగరెట్టు, ఆందోళన కూడా ఈ జాబితాలోవే. ఇవన్నీ నిమిషాల్లో, మహా అయితే గంటల్లో పోతాయి.

ఎంతసేపు ఉంటే డాక్టరును చూడాలి?

48 గంటలు. ఈ ఒక్క అంకె గుర్తుపెట్టుకుంటే సగం పని అయినట్లే. రెండు రోజులు దాటిన వాటిని వైద్యులు విడవని ఎక్కిళ్లుగా, నెల దాటిన వాటిని మొండి ఎక్కిళ్లుగా పరిగణిస్తారు. మధ్యమధ్యలో గంటో రెండు గంటలో ఆగి మళ్లీ వస్తుంటే, ఆగిన సమయాన్ని తీసేసి లెక్కపెట్టకండి. మొదటిసారి వచ్చినప్పటి నుంచే లెక్కించండి. ఇవి మగవారిలో, అందులోనూ వయసు పైబడినవారిలో ఎక్కువగా కనిపిస్తాయి.

అయితే 48 గంటల దాకా ఆగకూడని సందర్భాలు కూడా ఉన్నాయి. ఎక్కిళ్లతో పాటు ఛాతీలో నొప్పి, ఆయాసం, రక్తపు వాంతి, నల్లటి విరేచనం, తీవ్రమైన కడుపునొప్పి, తల తిరుగుడు, మాట ముద్దగా రావడం, ముఖంలో ఒక పక్క తిమ్మిరి, మగతలోకి జారుకోవడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా గంటలు లెక్కపెట్టకుండా వెళ్లాలి.

ఎన్నేళ్లయినా అలాగే ఉండిపోయే అవకాశం ఉందా?

అరుదుగా ఉంది. అమెరికాలోని అయోవా రాష్ట్రానికి చెందిన ఛార్లెస్ ఆస్‌బోర్న్‌కు 1922లో మొదలైన ఎక్కిళ్లు 1990లో గాని ఆగలేదు. 68 ఏళ్లు. ఆ మధ్యలోనే ఆయన పెళ్లి చేసుకున్నారు, పిల్లల్ని కన్నారు. అందరూ అలా నెగ్గుకురాలేరు. నిద్ర ఉండదు, తినలేరు, బరువు తగ్గిపోతారు, నలుగురిలో కూర్చోవడం మానేస్తారు. వారాల తరబడి ఎక్కిళ్లతో ఉన్న మనిషి నిస్సత్తువ చూసినవారెవరూ దీన్ని చిన్న ఇబ్బంది అనరు.

ఇంటి చిట్కాల్లో నిజంగా పనిచేసేవి ఏవి?

పనిచేసే చిట్కాలన్నీ రెండు దారుల్లో నడుస్తాయి. ఒకటి రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెంచడం. అది పెరిగితే ఎక్కిళ్ల వేగం తగ్గుతుంది. రెండోది గొంతు వెనుక భాగాన్ని గట్టిగా కదిలించి వేగస్ నాడిని వేరే పనిలో పెట్టడం.

మొదటి దారిలో ఊపిరి బిగబట్టడం అందరికీ తెలిసిందే. కానీ చాలామంది సగం ఊపిరి పీల్చి, మూడు నాలుగు సెకన్లు ఆపి వదిలేస్తారు. అలా చేస్తే ప్రయోజనం ఉండదు. పద్ధతిగా చేయాలంటే నిటారుగా కూర్చుని ముందు ఊపిరితిత్తుల్లోని గాలంతా నెమ్మదిగా వదిలేయండి. ఇప్పుడు పట్టినంత గాలి లోపలికి పీల్చి 10 సెకన్లు ఆపండి. ఇక పట్టదు అనిపించినా, వదలకుండానే ఇంకాస్త పీల్చి 5 సెకన్లు ఆపండి. మళ్లీ ఇంకొంచెం పీల్చి మరో 5 సెకన్లు. ఆ తర్వాత మెల్లగా వదలండి. మూడోసారి పీల్చేటప్పుడు పక్కటెముకల కింద ఒక బిగువు తెలుస్తుంది. డయాఫ్రమ్ పూర్తిగా చాచుకుని కదలకుండా ఉందన్నమాట. నా దృష్టిలో ఇంట్లో చేయగలిగిన వాటిలో అన్నిటికంటే ముందు ప్రయత్నించవలసింది ఇదే. ఖర్చు లేదు, మందు లేదు. గుండెజబ్బు, తీవ్రమైన ఆయాసం ఉన్నవారు మాత్రం చేయకూడదు.

రెండో దారిలో పంచదార ఉంది. ఒక చెంచా పొడి పంచదార నాలుక వెనుక భాగంలో వేసుకుని, నీళ్లు లేకుండా మింగడం. ఇది వట్టి అమ్మమ్మల మాట కాదు. 1971లో అమెరికా వైద్య పత్రికలో వచ్చిన ఒక చిన్న నివేదికలో 20 మందికి ఇలా ఇస్తే 19 మందికి ఆగిపోయాయి. పంచదార ఇవ్వని వారితో పోల్చి చూసిన అధ్యయనం కాదు కాబట్టి దాన్ని పూర్తి రుజువుగా తీసుకోలేం. అయినా మధుమేహం లేని పెద్దవాళ్లు ఒకసారి ప్రయత్నించడంలో తప్పు లేదు. గరగరలాడే పలుకులు గొంతుకు తగలడమే ఇక్కడ మందు అనుకుంటున్నారు, తీపి కాదు. ఉప్పు అద్దిన నిమ్మచెక్క చప్పరించడం, చల్లని నీళ్లు పుక్కిలించడం, ఊపిరి తీసుకోకుండా గుక్కగుక్కగా నీళ్లు తాగడం ఈ కోవలోవే.

2021లో టెక్సాస్ వైద్యులు గట్టిగా పీలిస్తే గాని నీళ్లు రాని ఒక ప్రత్యేకమైన గొట్టం గురించి ప్రచురించారు. దాన్ని వాడిన 249 మందిలో పదింట తొమ్మిది వంతుల సందర్భాల్లో ఎక్కిళ్లు ఆగాయని వాడినవారే చెప్పారు. దానిలోనూ పోలిక కోసం వేరే వర్గం లేదు. గట్టిగా పీల్చినప్పుడు డయాఫ్రమ్ బిగుసుకుంటుంది, మింగినప్పుడు గొంతు మూసుకుంటుంది. రెండూ ఒకేసారి జరగడమే అందులోని కిటుకు.

మోకాళ్లను ఛాతీకి హత్తుకుని రెండు నిమిషాలు కూర్చోవడం కూడా కొందరికి సాయపడుతుంది.

చేయకూడని చిట్కాలు ఏవి?

మూసిన కళ్ల మీద వేళ్లతో నొక్కడం. ఇది ఇప్పటికీ వీడియోల్లో కనిపిస్తోంది. కంటికి దెబ్బ తగలవచ్చు, గుండె వేగం ఉన్నట్టుండి పడిపోవచ్చు. మెడ పక్కన నాడి కొట్టుకునే చోట మర్దన చేయడం ఇంకా ప్రమాదం. అక్కడి రక్తనాళంలో కొవ్వు పేరుకున్న పెద్దవారికి పక్షవాతం రావచ్చు. ముఖానికి ప్లాస్టిక్ సంచి కట్టుకోవడం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. కాగితం సంచిలోకి ఊపిరి వదిలి పీల్చే పద్ధతి ఒకటుంది గాని, గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవారికి అదీ తగదు. మంచం పట్టిన మనిషికి, మాట తడబడుతున్న మనిషికి నోట్లో పంచదార, నీళ్లు పోయకండి. మింగే శక్తి తగ్గి ఉంటే అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

భయపెడితే ఆగుతాయా? ఎవరైనా తలుచుకుంటే వస్తాయా?

ఎక్కిళ్లు పెడుతున్న పిల్లవాణ్ని పట్టుకుని ‘ఏం దొంగతనంగా తిన్నావు?’ అని గదమాయించడం మన ఇళ్లలో ఉన్నదే. ఉలిక్కిపడి ఒక్క క్షణం ఊపిరి బిగబడతాడు కాబట్టి అప్పుడప్పుడు ఆగుతాయి. దూరాన ఉన్నవారు తలుచుకోవడం ప్రేమ నిండిన నమ్మకం, శరీరంతో దానికి సంబంధం లేదు. పిల్లల సంగతి సరే, గుండెజబ్బు ఉన్న పెద్దవారిని మాత్రం భయపెట్టకండి.

రెండు రోజులు దాటిన ఎక్కిళ్లకు ఎక్కువగా కారణం ఏమిటి?

చాలామందిలో కారణం పొట్ట, అన్నవాహికల దగ్గరే దొరుకుతుంది. జీర్ణాశయంలోని ఆమ్లం పైకి ఎగదన్ని అన్నవాహికను కాల్చడం అన్నిటికంటే తరచుగా కనిపించేది. పుల్లటి తేన్పులు, ఛాతీలో మంట, పడుకుంటే దగ్గు, పొద్దున్నే గొంతులో చేదు, ఇవి తోడుగా ఉంటాయి. జీర్ణాశయం పైభాగం డయాఫ్రమ్ రంధ్రం గుండా ఛాతీలోకి జారే హయటస్ హెర్నియా, జీర్ణాశయపు పుండ్లు కూడా ఇందులోకే వస్తాయి. అదృష్టవశాత్తూ వీటిలో చాలావాటికి మంచి మందులున్నాయి.

అన్నం మింగుతుంటే అడ్డం పడుతోంది, బరువు తగ్గుతున్నారు, దానికి తోడు ఎక్కిళ్లు. ఈ మూడూ కలిసి ఉంటే ఎండోస్కోపీ వాయిదా వేయవద్దు. అన్నవాహిక క్యాన్సర్ ఇలా బయటపడవచ్చు. చలిజ్వరంతో, కుడి పక్కటెముకల కింద నొప్పితో ఎక్కిళ్లు వస్తే కాలేయంలో చీముగడ్డ ఉందేమో చూస్తారు. కాలేయం డయాఫ్రమ్‌ను ఆనుకునే ఉంటుంది. క్లోమం వాపులోనూ, పేగుకు అడ్డుపడినప్పుడూ వస్తాయి. 2021 జులైలో అప్పటి బ్రెజిల్ అధ్యక్షుడు జైర్ బోల్సొనారో పది రోజులకు పైగా ఆగని ఎక్కిళ్లతో ఆసుపత్రిలో చేరితే, పేగులో అడ్డంకి ఉన్నట్లు తేలింది.

డయాఫ్రమ్‌కు పైన న్యుమోనియా, ఊపిరితిత్తుల పొర వాపు, గుండె పొర వాపు కారణం కావచ్చు. గుండె అడుగు భాగాన వచ్చే గుండెపోటులో కూడా ఎక్కిళ్లు అరుదుగా కనిపిస్తాయి. మధుమేహులకు నొప్పి తెలియకుండానే గుండెపోటు రావచ్చు కాబట్టి, వారికి ఈసీజీ తీయడం అతి జాగ్రత్త కాదు.

కిడ్నీ జబ్బు ఉన్నవారికి ఎక్కిళ్లు ఎందుకు వస్తాయి?

కిడ్నీలు వడపోయవలసిన వ్యర్థాలు రక్తంలో పేరుకుంటే మెదడులోని ఎక్కిళ్ల కేంద్రం ఉద్రేకపడుతుంది. వాంతి వచ్చినట్లుండటం, ఆకలి చచ్చిపోవడం, ఒళ్లు దురద, మగత, వీటితో పాటు ఎక్కిళ్లు మొదలైతే రక్తంలో క్రియాటినిన్, యూరియా అనే వ్యర్థాలు పెరిగాయేమో చూడాలి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం లాంటి చోట్ల, కిడ్నీ జబ్బు చప్పుడు లేకుండా ముదిరే ప్రాంతాల్లో, ఆగని ఎక్కిళ్లను గ్యాస్ అని కొట్టిపారేయడం చాలా పెద్ద పొరపాటు. డయాలసిస్ చేయించుకుంటున్నవారికి ఒక విడత తప్పిపోయిన తర్వాత ఎక్కిళ్లు వస్తే అది డయాలసిస్ కేంద్రానికి వెంటనే ఫోను చేయవలసిన విషయం.

ఇక్కడ గట్టిగా చెప్పవలసిన మాట ఒకటి ఉంది. కిడ్నీ రోగులు స్టార్ ఫ్రూట్ తినకూడదు. అడ్డంగా కోస్తే నక్షత్రం ఆకారంలో కనిపించే, పసుపు రంగు పుల్లటి పండు. ఆరోగ్యంగా ఉన్నవారు మితంగా తింటే మామూలుగా ఇబ్బంది ఉండదు. అందులోని క్యారంబాక్సిన్ అనే విషపదార్థాన్ని మన కిడ్నీలు బయటికి పంపేస్తాయి. కిడ్నీలు పాడైనవారిలో అది మెదడుకు చేరుతుంది. మొదట కనిపించే లక్షణం ఆగని ఎక్కిళ్లే. ఆ తర్వాత వాంతులు, తికమక, ఫిట్స్, ఒక్కోసారి మరణం కూడా. ఒక్క పండు, అర గ్లాసు రసం కూడా చాలు. తిని ఉంటే ఎక్కిళ్లు ఆగుతాయేమోనని చూస్తూ కూర్చోకుండా డయాలసిస్ సౌకర్యమున్న ఆసుపత్రికి వెళ్లండి.

సోడియం తగ్గినా వస్తాయంటారు, నిజమేనా?

నిజమే. బీపీ కోసం మూత్రం ఎక్కువ పోయే మాత్రలు వేసుకుంటూ, ఉప్పు బాగా తగ్గించి, సరిగా తినని పెద్దవారిలో ఇది తరచుగా జరుగుతుంది. నీరసం, తూలుడు, మాటల్లో పొంతన లేకపోవడం, ఎక్కిళ్లు. ఇంట్లోవాళ్లు వయసు మీద పడిందనుకుంటారు. ఒక చిన్న రక్తపరీక్ష చాలు. తగ్గిందని ఉప్పు నీళ్లు తాగించి మీరే సరిచేయాలని చూడకండి, సోడియాన్ని తొందరపడి పెంచితే మెదడుకు హాని. పొటాషియం, కాల్షియం తగ్గినా, మధుమేహం అదుపు తప్పినా ఎక్కిళ్లు వస్తాయి.

పక్షవాతానికీ ఎక్కిళ్లకూ సంబంధం ఏమిటి?

మెదడు కాండం పక్కభాగానికి రక్తం అందకపోతే వచ్చే ఒక రకం పక్షవాతంలో కాలూ చెయ్యీ పడిపోకపోవచ్చు. అందుకే దాన్ని పోల్చుకోలేరు. గది గిర్రున తిరుగుతున్నట్లుంటుంది, నడిస్తే ఒక పక్కకు ఒరిగిపోతారు, గొంతు బొంగురు పోతుంది, మంచినీళ్లు మింగలేరు, ముఖంలో ఒక పక్క చల్లదనం, వేడి తెలియవు. వీటితో పాటు విడవని ఎక్కిళ్లు. అజీర్ణం, తల తిరుగుడు అని ఇంట్లో పడుకోబెడితే విలువైన సమయం పోతుంది. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలి. 108కి ఫోను చేసి, సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లమని చెప్పండి.

ఇంకొకటి, ఇది ఎక్కువగా ఆడవారిలో. వారాల తరబడి ఎక్కిళ్లు, వాంతులు, ఎండోస్కోపీలో ఏమీ కనిపించదు, గ్యాస్ మందులకు తగ్గదు. అప్పుడు న్యూరోమైలైటిస్ ఆప్టికా అనే నాడీ జబ్బు ఉందేమో చూడాలి. శరీరంలోని రక్షణ వ్యవస్థే మెదడులోని వాంతి కేంద్రం మీద దాడి చేయడం వల్ల ఇలా జరుగుతుంది. అప్పుడే గుర్తిస్తే, ఆ తర్వాత రాగల చూపు పోవడం, కాళ్లు చచ్చుబడటం లాంటివాటిని చాలావరకు అడ్డుకోవచ్చు. కడుపు డాక్టరు దగ్గర తేలకపోతే నాడీ వైద్యుణ్ని కలవమని చెప్పడం ఇందుకే.

వాడుతున్న మందుల వల్ల రావచ్చా?

రావచ్చు. డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ ఇందులో ముందు వరుసలో ఉంటుంది. క్యాన్సర్ రోగులకు కీమో ముందు వాంతులు రాకుండా దీన్ని ఇస్తారు. ఆ రోజో మర్నాడో ఎక్కిళ్లు మొదలై రెండు మూడు రోజులు వేధిస్తాయి, ముఖ్యంగా మగవారిని. ఈ సంగతి డాక్టరుకు చెబితే వేరే స్టెరాయిడ్‌కు మార్చవచ్చు. చాలామంది అది చెప్పుకోవలసిన విషయమే కాదనుకుని ప్రతి విడతలోనూ బాధ పడుతూ ఉంటారు. సిస్‌ప్లాటిన్ లాంటి కీమో మందులు, నిద్రమాత్రలు, మార్ఫిన్ కూడా కారణం కావచ్చు. ఏ మాత్రనూ మీ అంతట మీరే ఆపకండి. స్టెరాయిడ్‌ను హఠాత్తుగా ఆపడం ప్రమాదకరం.

ఆపరేషన్ అయిన తర్వాత ఎక్కిళ్లు పట్టుకున్నాయి. భయపడాలా?

మత్తుమందు, గొంతులో వేసిన గొట్టం, పొట్టలో గాలి నింపి చేసే లాపరోస్కోపీ, వీటి తర్వాత ఒకటి రెండు రోజులు రావడం మామూలే. కానీ పొట్ట కోసిన రోగికి ప్రతి ఎక్కిలీ కుట్లను లాగుతుంది. నొప్పికి భయపడి గట్టిగా ఊపిరి పీల్చుకోరు, దగ్గరు, కఫం పేరుకుంటుంది. ఎక్కిలి వచ్చేటప్పుడు చిన్న దిండును కుట్ల మీద రెండు చేతులతో అదిమి పట్టుకోమనండి, కొంత ఊరటనిస్తుంది. నర్సుకు తప్పనిసరిగా చెప్పండి. పొట్ట ఉబ్బి జ్వరం కూడా ఉంటే డయాఫ్రమ్ కింద చీము చేరిందేమోనని స్కాన్ చేస్తారు.

చెవిలో వెంట్రుక వల్ల ఎక్కిళ్లా?

నమ్మశక్యంగా అనిపించదు గాని, కర్ణభేరిని తాకుతున్న వెంట్రుకను తీసేస్తే రోజుల తరబడి ఉన్న ఎక్కిళ్లు ఆగిన సందర్భాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి. చెవికి వెళ్లే వేగస్ కొమ్మ ఇందుకు కారణం. డాక్టరు చెవిలో లైటు వేసి చూస్తే అర నిమిషంలో తేలిపోతుంది. పిన్నీసులు, పుల్లలు పెట్టి మీరు కెలకవద్దు.

నిద్రలో ఆగిపోతున్నాయి. అంటే మానసికమేనా?

ఆ సూచన ఉపయోగపడేదే గాని దాని ఒక్కదాని మీదే తేల్చేయకూడదు. మానసిక ఒత్తిడి వల్ల వచ్చేవి సాధారణంగా నిద్రలో ఆగుతాయి. జబ్బు వల్ల వచ్చేవి నిద్రలోనూ కొనసాగుతాయి, నిద్రే పట్టనివ్వవు. అయితే శరీరంలో జబ్బు ఉన్నవారికీ నిద్రలో తగ్గవచ్చు. అన్ని పరీక్షలూ అయ్యాకే మనసు వైపు చూడాలి. రోగిని ‘నటిస్తున్నావు’ అనడం మాత్రం అన్యాయం.

కడుపులో బిడ్డకు, పసిపిల్లలకు వచ్చే ఎక్కిళ్ల మాటేమిటి?

కడుపులోని బిడ్డ మూడో నెల నుంచే ఎక్కిళ్లు పెట్టడం స్కానింగులో కనిపిస్తుంది. తల్లికి మాత్రం నెలలు నిండుతున్నప్పుడు ఒకే చోట, ఒకే లయలో, చిన్నగా కొట్టుకుంటున్నట్లు తెలుస్తుంది. అది మంచిదే. ఆందోళన పడవలసింది బిడ్డ కదలికలు తగ్గినప్పుడు.

నెలల పిల్లలకు పాలు తాగాక ఎక్కిళ్లు రాని రోజు ఉండదు. పాలతో పాటు గాలి మింగడమే కారణం. మధ్యలో ఒకసారి ఆపి భుజాన వేసుకుని తేన్పు వచ్చేదాకా వీపు నిమరండి. తాగాక ఇరవై నిమిషాలు నిటారుగా ఎత్తుకోండి. పెద్దవాళ్లు తడిపిన నూలుపోగు నుదుటి మీద పెడతారు. దానివల్ల హాని లేదు, అంతలోకి ఎక్కిళ్లు వాటంతటవే పోతాయి. హాని చేసేవి వేరే ఉన్నాయి. ఆరు నెలలు నిండని బిడ్డకు మంచినీళ్లు, పంచదార నీళ్లు పట్టవద్దు. ఏడాది నిండేదాకా తేనె నాకించవద్దు, అందులో ఉండగల బ్యాక్టీరియా బీజాల వల్ల బొటులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు రావచ్చు. ఎక్కిళ్లతో పాటు బిడ్డ వెనక్కి విల్లులా వంగి ఏడుస్తున్నా, పాలు వద్దంటున్నా, బరువు పెరగకపోయినా పిల్లల డాక్టరుకు చూపించండి.

డాక్టరు ఏ పరీక్షలు రాస్తారు?

ముందు జనరల్ ఫిజీషియన్ చాలు. రక్తంలో చక్కెర, క్రియాటినిన్, సోడియం, పొటాషియం, కాల్షియం, కాలేయ పరీక్షలు, ఈసీజీ, ఛాతీ ఎక్స్‌రే, పొట్ట స్కానింగ్ తొలి విడతలో ఉంటాయి. ఎండోస్కోపీ, మెదడు ఎంఆర్ఐ అందరికీ అవసరం ఉండవు, లక్షణాలను బట్టి చేస్తారు. తల తిరుగుడు, మింగలేకపోవడం ఉన్నా వట్టి గ్యాస్ మాత్రలిచ్చి పంపిస్తే, ఆ లక్షణాలను మళ్లీ ఒకసారి గట్టిగా చెప్పండి.

ఏ మందులు వాడతారు? మందుల షాపులో అడిగి కొనుక్కోవచ్చా?

కొనుక్కోకండి. కారణం దొరికితే దానికి చేసే వైద్యమే ఎక్కిళ్లకూ మందు. ఆమ్లం ఎగదన్నుతుంటే ఒమెప్రజోల్, పాంటాప్రజోల్ లాంటివి ఇస్తారు. కారణం తేలకపోతే బాక్లోఫెన్, గాబాపెంటిన్, మెటోక్లోప్రమైడ్, క్లోర్‌ప్రోమజైన్‌లలో ఒకటి ఎంచుకుంటారు. వీటిలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎక్కిళ్ల కోసమని అనుమతించినది క్లోర్‌ప్రోమజైన్ ఒక్కటే, మిగిలినవి అనుభవంతో వాడేవి.

ప్రతిదానికీ ఒక ప్రమాదం ఉంది. క్లోర్‌ప్రోమజైన్ బీపీని పడేస్తుంది. రాత్రి మూత్రానికి లేచిన పెద్దాయన కళ్లు తిరిగి పడి తుంటి విరగ్గొట్టుకోవచ్చు. మెటోక్లోప్రమైడ్ వల్ల మెడ, దవడ మెలితిరిగిపోవచ్చు. చేతులు వణికే పార్కిన్సన్స్ జబ్బు ఉన్నవారికి అది పనికిరాదు. అన్నిటికంటే ముఖ్యం, బాక్లోఫెన్ మన శరీరం నుంచి ఎక్కువగా కిడ్నీల గుండానే బయటికి పోతుంది. కిడ్నీ రోగి ఆ మాత్రలు మామూలు మోతాదులో వేసుకుంటే స్పృహ తప్పే స్థితికి వెళ్లవచ్చు. కిడ్నీ వల్ల ఎక్కిళ్లు వచ్చిన మనిషికి, పక్కింటివారికి పనిచేసిందని అదే మాత్ర ఇవ్వడం ఎంత ప్రమాదమో ఆలోచించండి. గర్భిణులు ఏ మందైనా డాక్టరు చెబితేనే వాడాలి.

మందులకూ లొంగకపోతే?

మెడ దగ్గర ఫ్రెనిక్ నాడికి స్కానింగ్ సాయంతో మత్తు ఇంజెక్షన్ ఇచ్చి చూస్తారు. ఊపిరి మీద ప్రభావం పడుతుంది కాబట్టి అనుభవమున్న చోటే చేయించుకోవాలి. ముదిరిన క్యాన్సర్‌లో ఉన్నవారికి ఉపశమన వైద్య నిపుణులు మంచి నిద్ర పట్టేలా మందులిస్తారు. ఆ దశలో ఎక్కిళ్లు సహజమేనని వదిలేయకండి, అడిగితే ఊరట ఉంది.

ఆయుర్వేదం ఏమంటుంది?

ఆయుర్వేదంలో ఎక్కిళ్లను హిక్క అంటారు. మహాహిక్క, గంభీర, వ్యపేత, క్షుద్ర, అన్నజ అని ఐదు రకాలుగా విభజించారు. అన్నం వల్ల వచ్చే అన్నజ తేలికైనదనీ, మహాహిక్క, గంభీర ప్రాణం మీదికి తెచ్చేవనీ ఆ వైద్యులు ఏనాడో వేరుచేసి చెప్పారు. ఎక్కిలి ఎవరికి వచ్చింది, తోడుగా ఏమున్నాయి అని చూసిన ఆ చూపు నాకు గౌరవం కలిగిస్తుంది. నెమలీక భస్మం తేనెతో ఇవ్వడం ప్రసిద్ధమైన పద్ధతి. ఇంట్లో ఈకలు కాల్చి ఆ బూడిద తినిపించకండి. అర్హత ఉన్న వైద్యుడి దగ్గరికి వెళ్లినా, రెండు రోజులు దాటిన ఎక్కిళ్లకు రక్తపరీక్షలు, ఈసీజీ మానవద్దు.

ఎక్కిళ్లు తగ్గేదాకా ఏం తినాలి?

కొంచెం కొంచెంగా, ఎక్కువసార్లు. మెత్తగా కలిపిన పప్పన్నం, ఇడ్లీ, కారం తగ్గించిన చారన్నం, పలుచని మజ్జిగ. వేపుళ్లు, పచ్చళ్లు, సోడా, మద్యం వద్దు. కిడ్నీ రోగులు తమకు చెప్పిన పథ్యాన్నే పాటించాలి. తిన్నాక రెండు మూడు గంటలదాకా పడుకోకూడదు. రాత్రి తలవైపు మంచాన్ని జానెడు ఎత్తు లేపుకుంటే, ఆమ్లం ఎగదన్నేవారికి తేడా తెలుస్తుంది.

డాక్టరు దగ్గరకు ఏమేం తీసుకెళ్లాలి?

ఎక్కిళ్లు ఏ రోజు ఎన్ని గంటలకు మొదలయ్యాయో, నిద్రలో ఉంటున్నాయో లేదో, ముందు రెండు రోజుల్లో ఏం తిన్నారో ఒక కాగితం మీద రాసుకోండి. డాక్టరు ముందు కూర్చోగానే ఎక్కిళ్లు ఆగిపోవడం మామూలే కాబట్టి ఫోనులో ఒక నిమిషం వీడియో తీసి ఉంచండి. వేసుకుంటున్న మందుల పేర్లు నోటితో చెప్పే బదులు, బీపీ, షుగరు, నిద్రమాత్రలు, ఆయుర్వేదం పొడులు, నెల క్రితం మానేసినవి కూడా, స్ట్రిప్పులతో సహా ఒక సంచిలో వేసుకుని వెళ్లండి.